ఛాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది, సంతకం ఎవరిది?

హోసూరు వైపు నుంచి వచ్చే ఒట్టి ఛాసిస్‌లను అనంతపురం, కర్నూలు హైవే మీద చూడనివాళ్లు ఉండరు. క్యాబిన్ ఉండదు, ముందు అద్దం ఉండదు. డ్రైవర్ తలకు తువ్వాలు చుట్టుకుని దుమ్ములో నడుపుకుంటూ పోతాడు. అప్పటికి అది బస్సూ కాదు, లారీ కాదు. ఎక్కడో షెడ్డులో బాడీ కట్టాకే దానికో పేరు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు తగలబడింది. కిందికి ఒక బైకు చిక్కుకుపోయి, ఆ రాపిడికి మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. సీటింగ్ బస్సుగా రిజిస్టరైన బండిని స్లీపర్‌గా మార్చారన్న సంగతి తర్వాత బయటకొచ్చింది. అలాంటి బండికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న మాత్రం చాలా పాతది.

1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నియమాలు వచ్చినప్పుడు బండి నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించాలన్నారు. కంపెనీ అమ్మేది ఒట్టి ఛాసిస్ అయితే బ్రేకులు, స్టీరింగు, ఇంజనే పరీక్షకు వెళ్తాయి. మరి బాడీ సంగతి? దానికోసం ఫారం 22-ఏ ఉంది, బండి రోడ్డెక్కడానికి తగినదేనని హామీ ఇచ్చే పత్రం. మొదటి భాగం మీద ఛాసిస్ కంపెనీ, రెండో భాగం మీద బాడీ కట్టినవాళ్లు సంతకం పెట్టాలి. కాగితం మీద పద్ధతిగానే ఉంది. కానీ కంపెనీ సంతకం వెనక పరీక్షల రిపోర్టు ఉంటుంది. షెడ్డు సంతకం వెనక చాలాకాలం మేస్త్రీ చేతి అనుభవం తప్ప పెద్దగా ఏమీ లేదు. ఆ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. గతుకుల రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన బాడీలు వాళ్లు కట్టినవే. అయితే మంటల్లో సీటు గుడ్డ ఎంతసేపటికి అంటుకుంటుందో చేతి అనుభవం చెప్పలేదు.

అమెరికాలో ఈ చిక్కును 1970ల నాటికే పట్టించుకున్నారు. సగం బండి అమ్మే కంపెనీ దాంతోపాటు ఒక పత్రం ఇవ్వాలి. ఎంత బరువు వరకు కట్టొచ్చో, ఏది ముట్టుకుంటే తమ హామీ చెల్లదో అందులో రాసి ఉంటుంది. ఆఖరున బండిని పూర్తిచేసినవాళ్లు తమ పేరుతో ధ్రువీకరణ అంటించాలి.

మన దగ్గర బస్సు బాడీ ఎలా కట్టాలో చెప్పే ప్రమాణం, ఏఐఎస్-052 కోడ్, 2001లో వచ్చింది, 2008లో సవరించారు. అత్యవసర ద్వారాలు, నడవా, లోపల వాడే సామాను, అన్నీ అందులో ఉన్నాయి. స్లీపర్లకు విడిగా ఏఐఎస్-119 తెచ్చారు. కోడ్ రావడం ఒకటి, ప్రతి షెడ్డు దాకా చేరడం ఇంకొకటి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మందిని బలిగొన్న బస్సు షెడ్డులో కట్టింది కాదు. తప్పంతా బాడీ బిల్డర్ల మీదికి నెట్టేస్తే లెక్క సరిపోదు.

నా దృష్టిలో అసలు సందు బాడీ కట్టడం పూర్తయిన తర్వాత ఉంది. రిజిస్ట్రేషన్ అయిపోయాక సీట్లు పీకి బెర్తులు బిగిస్తే అది మూడో దశ. ఫారం 22-ఏలో దానికి చోటు లేదు. చట్టంలో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పెట్టారు. బెర్తుల బస్సు వారాంతపు టికెట్ల ముందు ఆ 5,000 ఏపాటి?

పోనీ ఎఫ్‌సీలో, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీలో, దొరుకుతుందా అంటే, ఎనిమిదేళ్లు దాటని రవాణా బండికి అది రెండేళ్లకోసారి. ఎఫ్‌సీ అయిన మర్నాడే మార్పు చేయిస్తే మళ్లీ చూపించేదాకా బోలెడు గడువు. రిజిస్ట్రేషన్ ఇంకో రాష్ట్రంలో ఉంటే మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంటికి అది పడేది రోడ్డు మీద ఆపినప్పుడే, అదీ అర్ధరాత్రి, లోపల జనం నిద్రపోతుండగా.