కరెంటు మీటరు తెలిస్తే ప్రొమీథియస్ గ్రాఫ్ చదవొచ్చు

సైటు నెమ్మదిగా ఉందని ఫిర్యాదులొస్తున్నాయి. గ్రాఫనా తెరిస్తే 95వ పర్సెంటైల్ గీత (వంద రిక్వెస్టుల్లో 95 ఎంత సమయంలోపు పూర్తయ్యాయో చెప్పేది) సరిగ్గా 10 సెకన్ల దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. గంట నుంచీ అంతే, కదలదు మెదలదు. ఏ సర్వరూ అంత నిలకడగా నెమ్మదించదు. మరి ఆ 10 ఎక్కడిది?

లెక్కలు సేకరించేది ప్రొమీథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైంది. గూగుల్‌లో లోపల వాడుకునే బోర్గ్‌మాన్ అనే పర్యవేక్షణ సాధనం దీనికి స్ఫూర్తి. ఆ లెక్కలను గీతలుగా చూపేది గ్రాఫనా, 2014 నాటిది. మొదటిది 9090 పోర్టులో, రెండోది 3000లో దొరుకుతాయి. అప్లికేషన్ తన అంకెలను ఒక పేజీలో పెడుతుంది, ప్రొమీథియస్ వచ్చి చదివి వెళ్తుంది. దీన్నే స్క్రేప్ అంటారు. సెట్టింగుల్లో ఏమీ చెప్పకపోతే నిమిషానికోసారి వస్తుంది. దానితోపాటే వచ్చే నమూనా ఫైల్లో 15 సెకన్లు అని ఉంటుంది కాబట్టి చాలాచోట్ల అదే నడుస్తుంటుంది.

అంకెల్లో ముఖ్యంగా మూడు రకాలు. గేజ్ వాటర్ ట్యాంకులో మట్టం లాంటిది, పెరుగుతుంది, తగ్గుతుంది. కౌంటర్ కరెంటు మీటరు. రీడింగు ఎక్కడమే తప్ప దిగడం ఉండదు. మీటరు మీద 48,210 అని చూస్తే ఈ నెల ఎంత కాలిందో తెలియదు, పాత రీడింగు తీసేయాలి. ఆ తీసివేత చేసి సెకనుకి ఎంతో చెప్పేది రేట్ ఫంక్షన్. సర్వర్ రీస్టార్ట్ అయితే కౌంటర్ సున్నాకి పడుతుంది, కొత్త మీటరు బిగించినట్టు. రీడింగు తగ్గిందంటే మీటరు మారిందని రేట్‌కి తెలుసు, సున్నా నుంచి లెక్కపెడుతుంది.

ఈ తెలివే ఒక్కోసారి కొంప ముంచుతుంది. మూడు సర్వర్ల కౌంటర్లు తలా 5 లక్షల దగ్గరున్నాయనుకోండి. వాటిని ముందే కూడి, ఆ 15 లక్షలని ఒకే సిరీస్‌గా (కాలం వెంట నమోదయ్యే ఒక అంకెల వరుసగా) దాచి, దాని మీద రేట్ వేశారు. ఒక సర్వర్ రీస్టార్ట్ కాగానే మొత్తం 10 లక్షలకి పడింది. రేట్ దృష్టిలో మీటరు మారింది, కొత్త మీటరు అప్పుడే 10 లక్షలు తిరిగింది. గ్రాఫులో ఆకాశాన్నంటే ముల్లు. అందుకే ముందు రేట్, తర్వాతే కూడిక.

మూడో రకం హిస్టోగ్రామ్. ఆ 10 సెకన్ల గుట్టు ఇందులోనే ఉంది. ఏ రిక్వెస్ట్‌కి ఎంత సమయం పట్టిందో ప్రొమీథియస్ విడివిడిగా దాచదు. అర సెకను లోపు ఎన్ని, సెకను లోపు ఎన్ని అని బకెట్లలో లెక్క రాసుకుంటుంది. గో ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీ మామూలుగా ఇచ్చే హద్దులు 11. మొదటిది 5 మిల్లీసెకన్లు, చివరిది 10 సెకన్లు. ఆపైన పట్టినవన్నీ హద్దులేని ఆఖరి బకెట్లోకే. 95వ పర్సెంటైల్ అందులో పడితే చెప్పడానికి అంకె ఉండదు, దాని కింది హద్దునే జవాబుగా ఇస్తుంది. అంటే గీత 10 దగ్గర నిలిచిందంటే అసలు సమయం 11 సెకన్లు కావచ్చు, 90 కావచ్చు. పెద్ద హద్దులు కలిపితేనే తెలుస్తుంది.

హద్దుల మధ్యలో కూడా అది అంచనాయే. 1,000 రిక్వెస్టుల్లో 900 అర సెకను లోపు, మిగతా 100 అర నుంచి ఒక సెకను మధ్య పూర్తయ్యాయి. 950వది ఆ బకెట్‌కి సగంలో ఉంటుంది కాబట్టి జవాబు 0.75. ఆ వందా నిజానికి 0.55 సెకన్లలోనే ముగిసినా జవాబు మారదు. మీరు వినియోగదారులకి మాటిచ్చిన గడువు 0.6 సెకన్లయితే సరిగ్గా 0.6 దగ్గర ఒక హద్దు పెట్టుకోవాలి. సర్వర్ల పర్సెంటైల్స్‌కి సగటు తీయడం మాత్రం శుద్ధ తప్పు. 10,000 రిక్వెస్టులున్న సర్వర్‌కి 0.2 సెకన్లు, పదే ఉన్నదానికి 4 సెకన్లు వస్తే సగటు 2.1 అంటుంది. ముందు బకెట్లు కూడాలి, ఆ మొత్తం మీద పర్సెంటైల్ తీయాలి.

వారం రోజుల గ్రాఫు తెరిచినప్పుడు ఇంకో మాయ జరుగుతుంది. వారానికి 6,04,800 సెకన్లు. తెర మీద వెయ్యి చుక్కలకే చోటుంటే పది నిమిషాలకో చుక్క. రేట్‌కి ఒక నిమిషం కిటికీ (ఎంత వెనక్కి చూడాలో) ఇచ్చి ఉంటే ప్రతి పదిలో తొమ్మిది నిమిషాలు ఎవరూ చూడరు. నిన్న కనబడిన ముల్లు ఇవాళ లేదేమిటని తల పట్టుకునేది ఇందుకే. గ్రాఫనాలో కిటికీని అంకెతో రాయకుండా రేట్ ఇంటర్వల్ వేరియబుల్ పెడితే చుక్కల దూరాన్ని బట్టి అదే సాగుతుంది, స్క్రేప్ వ్యవధికి నాలుగింతలకన్నా తగ్గదు.

ఇక లేబుళ్లు, అంటే ఏ సర్వర్, ఏ పేజీ అని అంకెలకి తగిలించే చీటీలు. 20 సర్వర్లు, 30 పేజీలు, 5 స్టేటస్ కోడ్‌లు కలిస్తే 3,000 జతలు. గో హిస్టోగ్రామ్‌లో ఒక్కో జతకి 14 సిరీస్‌లు (బకెట్లు 12, సమయాల మొత్తం ఒకటి, రిక్వెస్టుల లెక్క ఒకటి), అంటే 42,000. 15 సెకన్లకోసారి చదివితే రోజుకి 24 కోట్ల పైచిలుకు అంకెలు. ఒక్కో అంకె ఒకటి రెండు బైట్లకి కుదించుకుపోతుంది గనుక ఇది పెద్ద భారం కాదు. ఇక్కడ ఎవరో ముచ్చటపడి యూజర్ ఐడీని లేబుల్‌గా చేర్చారు. 10,000 మందికీ ఆ జతలన్నీ వస్తే 42 కోట్ల సిరీస్‌లు! డిస్కు కన్నా ముందు మెమరీ నిండి ప్రొమీథియసే కూలుతుంది. యూజర్ ఐడీ ఉండాల్సింది లాగ్‌లో. గ్రాఫులు బరువెక్కుతున్నాయని అనుమానమొస్తే 9090 పోర్టులో స్టేటస్ మెనూ కింద టీఎస్‌డీబీ (ప్రొమీథియస్ డేటాబేస్) పేజీ తెరవండి. ఎక్కువ విలువలున్న పది లేబుళ్లు వరుసగా ఉంటాయి. నేరస్థుడు సాధారణంగా పైవరుసలోనే దొరుకుతాడు.