గాజుతో జీళ్లపాకం

లండన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు అక్కడి ఒక మ్యూజియం నుంచి వాట్సాప్‌లో ఫోటో పంపింది. పాత రూపాయి బిళ్ళంత బ్రోచ్, అంటే బట్టలకి గుచ్చుకునే నగ. గిన్నె అంచు మీద నాలుగు పావురాలు, అందులో ఒకటి వంగి నీళ్ళు తాగుతోంది. "మామయ్యా, ఇది పెయింటింగ్ కాదట, గాజు ముక్కలట! రెండు వందల ఏళ్ళయినా రంగు ఎందుకు వెలవలేదు?" అని కింద ప్రశ్న. వేళ్ళతో లాగి ఫోటో పెద్దది చేశాను. పావురం మెడ మీద బూడిద, నీలం, ఊదా గళ్ళు బయటపడ్డాయి. ఒక్కో గడి ఆవగింజలో సగం కూడా ఉండదు.

బ్రోచ్ రెండు వందల ఏళ్ళదే అయినా, ఈ పావురాల బొమ్మకి మూలం రోమన్ల కాలం నాటిది. 1737లో రోమ్‌కి దగ్గర్లోని టివోలిలో, హాడ్రియన్ చక్రవర్తి విల్లాలో ఇలాంటి మొజాయిక్ (చిన్న ముక్కలు పేర్చి చేసే బొమ్మ) తవ్వకాల్లో దొరికింది. అప్పటికే వాటికన్‌లో మొజాయిక్ కార్ఖానా (1727) నడుస్తోంది. సెయింట్ పీటర్స్ చర్చిలో తైలవర్ణ చిత్రాలు చెమ్మకి పాడైపోతుంటే, వాటి స్థానంలో గాజు ముక్కల చిత్రాలు పెట్టడం ఆ కార్ఖానా పని. ఆ పనితనాన్నే కుదించి, 1775లో జాకొమో రఫాయెల్లి రోమ్‌లో బుల్లి మొజాయిక్‌లు ప్రదర్శించాడు. యూరప్ యాత్రకు వచ్చిన డబ్బున్నవాళ్ళు ఎగబడి కొన్నారు. మనం తిరుపతి నుంచి పటం తెచ్చుకున్నట్టు వాళ్ళు కొలోసియంని ఉంగరంలో పెట్టుకుని ఇంటికెళ్ళారు. 'మైక్రోమొజాయిక్' అనే పేరు మాత్రం చాలా తర్వాత, ఆర్థర్ గిల్బర్ట్ అనే సేకర్త పెట్టింది. ఆయన సేకరణ ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

చరిత్ర ఇంత చాలు. నన్ను పట్టుకున్నది ఆ ముక్కలు తయారుచేసిన పద్ధతి.

అరమిల్లీమీటరు గాజు ముక్కని సుత్తితో కొట్టి తీయలేం, పొడైపోతుంది. రోమ్ పనివాళ్ళు కొట్టడం మానేసి సాగదీశారు. జాతరలో జీళ్ళు చేసేవాళ్ళని చూశారా? బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి లాగుతారు, మడిచి మళ్ళీ లాగుతారు. మరీ వేడిగా ఉంటే కారిపోతుంది, చల్లారితే టక్కున విరుగుతుంది. ఆ మధ్యలో ఉన్నప్పుడే సాగుతుంది. గాజుదీ అదే గుణం. మంచులా ఒక్క ఉష్ణోగ్రత దగ్గర ఠక్కున కరిగిపోదు, మెల్లగా మెత్తబడుతుంది. మాటవరసకి పోలిక చెప్పడం లేదు. గట్టిపడ్డ పాకంలో అణువులు స్ఫటికంలా వరుస కట్టకుండా చెల్లాచెదురుగా ఆగిపోతే, భౌతికశాస్త్రం దాన్నీ గాజు అనే అంటుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న గాజు ముద్దని అరమిల్లీమీటరు తీగగా లాగితే మందం 40 రెట్లు తగ్గుతుంది. అడ్డుకోత వైశాల్యం 1,600 రెట్లు తగ్గుతుంది. గాజు ఎక్కడికీ పోదు కాబట్టి ఒక్క సెంటీమీటరు ముద్ద 16 మీటర్ల తీగవుతుంది! ఇంకో విచిత్రం, అడ్డుకోత ఆకారం దాదాపు చెదరదు. ముద్ద పలకగా ఉంటే తీగా పలకే. తలతన్యత దాన్ని గుండ్రంగా చేయాలని చూస్తుంది గానీ, చిక్కని గాజు కదిలేలోపే సన్నని తీగ చల్లారిపోతుంది. రెండు రంగులు పక్కపక్కన అంటించి లాగితే, తీగ పొడవునా ఆ రెండూ అలాగే పక్కపక్కన ఉంటాయి. ఆంటోనియో అగువాత్తి లాంటి నిపుణులు ఈ కిటుకుతోనే ఒకే ముక్కలో రెండు మూడు ఛాయలు ఇమిడ్చి కుక్కపిల్ల బొచ్చు చూపించారు. మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్‌నీ లావు గాజు కడ్డీ నుంచి ఇలాగే లాగుతారు.

గాజు నిజానికి ద్రవమనీ, పాత చర్చి కిటికీల అద్దాలు కిందికి జారి అడుగున లావెక్కాయనీ బడిలో మా మాస్టారు చెప్పారు. ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. అది విజ్ఞానం వేషం వేసుకున్న మూఢనమ్మకం. ఆ రోజుల్లో అద్దం సమంగా తయారయ్యేది కాదు, అంతే. గాజు అలా జారేదే అయితే ఈ పావురాల ముక్కుల మొన ఎప్పుడో మొద్దుబారాలి.

తీగని అడ్డంగా తుంచి, చిన్న పట్టకారుతో ఒక్కో ముక్కనీ రాగి రేకు మీదో రాతి పలక మీదో పరిచిన లప్పంలో గుచ్చుతారు. లాడ్ బజార్‌లో వేడి లక్కలో రాళ్ళు పొదిగేవాళ్ళకి లక్క గట్టిపడేలోగా ముగించాలన్న టెన్షన్. రోమ్ లప్పంలో నూనె కలిసేది, నింపాదిగా ఆరేది. పనివాడు తప్పు ముక్క పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. చివర్లో సందుల్లో రంగు మైనం నింపి, పైన అరగదీసి మెరుగు పెడతారు. మేలిరకం పనిలో చదరపు అంగుళానికి మూడు వేల ముక్కలు దాటతాయి. ఆ లెక్కన రూపాయి బిళ్ళలో రెండు వేల రెండు వందలకు పైనే.

ఇక అమ్మాయి ప్రశ్న. చీర రంగు కర్బన అణువు, ఎండ దాని బంధాల్ని తెంపుతుంది. ఇక్కడ నీలం ఇచ్చేది కోబాల్ట్, ఊదా ఇచ్చేది మాంగనీసు. ఆ లోహ అయాన్లు గాజులోనే బందీలు, ఎండకి తెగడానికి అక్కడ అలాంటి బంధాలు లేవు. వెలవని రంగు ఇంత చవకగా దొరుకుతున్నా ఏ జ్యోతిష్కుడూ గాజు ముక్కని ఉంగరంలో పెట్టుకోమనడు, పాపం!

అమ్మాయికి ఇదంతా రాసి పంపితే, "అయితే పాత బ్రోచ్ కొనుక్కుంటే కడగొచ్చా?" అని అడిగింది. రంగుకి నీళ్ళతో భయం లేదు గానీ, లప్పానికీ మైనానికీ ఉంది. నానబెడితే పావురం ఈకలు ఒక్కొక్కటే ఊడి సింకులోకి పోతాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడవమన్నాను.