పెట్టెలో దాచిన షూ పాడవదా?

చెన్నై అణ్ణా నగర్‌లో మాది స్నీకర్లు శుభ్రం చేసి, ఊడిన సోల్ అతికించే చిన్న షాపు. వచ్చేవాళ్లలో మన తెలుగు కుర్రాళ్లు బాగానే ఉంటారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: కొలాబ్ జత (షూ కంపెనీ ఓ కళాకారుడితోనో ఇంకో బ్రాండ్‌తోనో కలిసి చేసినది) అంటే సరుకు మామూలు దానికన్నా గొప్పది.

వాస్తవం: చాలా వాటిలో అచ్చు, సోల్ పాతవే. ర్యాపర్ ట్రావిస్ స్కాట్‌తో నైకీ చేసిన 2019 ఎయిర్ జోర్డాన్ 1నే తీసుకోండి. బయటివైపు స్వూష్ (నైకీ టిక్కు గుర్తు) తిరగేశారు, చీలమండ దగ్గర చిన్న దొంగజేబు పెట్టారు. జనం పడి చచ్చేది ఆ తమాషాకే. 2017లో డిజైనర్ వర్జిల్ అబ్లో చేసిన జతకు ఎర్ర ప్లాస్టిక్ ట్యాగ్ వేలాడుతుంది. దాన్ని కత్తిరించాలా వద్దా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు (నేనైతే కత్తిరిస్తా). ఇటలీలో కుట్టించి, 8,500 జతలకు నంబర్లు వేసిన 2020 డియోర్ (ఫ్యాషన్ బ్రాండ్) ఎయిర్ జోర్డాన్ 1 హై లాంటివి వేరే లెక్క.

అపోహ: వేసుకోకుండా పెట్టెలో దాస్తే ఎన్నేళ్లయినా కొత్తవే.

వాస్తవం: నా పనిలో సగం ఈ నమ్మకం పుణ్యమే. కార్తీకమాసం వానల్లో ఒకబ్బాయి పాత ఎయిర్ జోర్డాన్ 4 పెట్టె తెచ్చాడు. "అన్నా, ఒక్కసారి కూడా కాలికి వేయలేదు" అన్నాడు. మడమ దగ్గర పట్టుకుని ఎత్తాను. పైభాగం చేతికొచ్చింది, సోల్ పెట్టెలోనే ఉండిపోయింది. వేలితో నొక్కితే రస్కులా పొడైంది.

దాని మిడ్‌సోల్, అంటే సోల్ మధ్యలోని మెత్తటి పొర, పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్. గాలిలోని తేమ ఆ పదార్థాన్ని లోలోపలే విడగొడుతుంది. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. మన సముద్రపు గాలికి మూత ఒక అడ్డా? అప్పుడప్పుడూ వేసుకునే జతకన్నా దాచిన జతే ముందు విరగడం నా బల్ల మీద చాలాసార్లు చూశాను. అలాగని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు గుప్పిస్తే తోలు ఎండి పగులుతుంది. ఒకటి రెండు చాలు. జోర్డాన్ 1కు బయట రబ్బరు కప్పు కాబట్టి కొంత నయం.

విరిగినదానికి మందు సోల్ స్వాప్: అదే మోడల్ కొత్త జత సోల్ ఊడదీసి పాతదానికి వేస్తాం. నడవడానికి బాగుంటుంది, అమ్మబోతే మాత్రం ధర పడిపోతుంది. ఆ అబ్బాయి వద్దన్నాడు. పైభాగాలు రెండూ మళ్లీ పెట్టెలో సర్దుకుని వెళ్లాడు.

అపోహ: పెట్టె, బిల్లు ఉన్నాయంటే ఒరిజినలే.

వాస్తవం: నకిలీ జతతో పాటు నకిలీ బిల్లు కూడా వస్తోంది. షూ లోపలి సైజు లేబుల్ మీది కోడ్, పెట్టె మీది కోడ్ కలవకపోతే కొనకండి. కలిసినా కుట్లు చూడండి, జిగురు వాసన చూడండి. కోడ్ కాపీ కొట్టడం వాళ్లకు ఒక పనే కాదు.