సముద్రం నుంచి తెచ్చుకున్న నేల

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగిన ప్రశ్నకి ఉత్తరమే రాయాలనిపించింది. కెనడాలో మేముండే నోవా స్కోషియా అంటే కొత్త స్కాట్లాండ్ కదా, మరి ఇక్కడి ఊళ్ళకి గ్రాన్ ప్రే లాంటి ఫ్రెంచి పేర్లు ఎలా వచ్చాయని.

మ్యాప్ తీసి చూడండి. మీ రాష్ట్రం దాదాపు దీవే. సన్నటి నేలపట్టీ ఒక్కటే దాన్ని పక్కనున్న న్యూ బ్రన్స్‌విక్‌తో కలుపుతుంది. రెండిటి మధ్యా గరాటులా ఇరుకయ్యే నీరు ఫండీ అఖాతం. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే తోస్తే ఇంకా పైకి పోతుంది కదా? ఆ అఖాతంలో నీరు అటూ ఇటూ ఊగే సమయం, సముద్రపు పోటు వచ్చే సమయం దాదాపు ఒకటే. అందుకే అక్కడ పోటుకీ పాటుకీ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, అంటే అయిదంతస్తుల మేడంత!

అది వేల ఏళ్ళుగా మిక్మా ప్రజల నేల. 1605లో ఫ్రెంచివాళ్ళు అక్కడ పోర్ట్ రాయల్ అనే స్థావరం కట్టారు. ఆ తర్వాత 1621లో స్కాట్లాండ్‌కీ ఇంగ్లండుకీ రాజైన జేమ్స్ అదే నేలని విలియం అలెగ్జాండర్ అనే స్కాట్లాండ్ దొరకి రాసిచ్చేశాడు. నోవా స్కోషియా అనే పేరు ఆ కాగితంలోదే. మిక్మాలని ఎవరూ అడగలేదు.

అక్కడ స్థిరపడ్డ ఫ్రెంచి రైతులే అకాడియన్లు. ఉప్పునీటి బురదనేలల చుట్టూ మట్టిగట్లు వేసి, వాటి అడుగున చెక్క తూములు పెట్టారు. తూముకి ఒక తలుపు. పాటు వేళ వాననీరు దాన్ని తోసుకుని బయటికి పోతుంది, పోటు వేళ సముద్రమే దాన్ని మూసేస్తుంది. రెండు మూడేళ్ళు వానలు ఉప్పుని కడిగేస్తే గోధుమ పండేది. గోదావరి గట్ల మీద పెరిగిన నాకు ఆ పనితనం తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

1713లో ఆ నేల బ్రిటిష్‌వాళ్ళ చేతికి పోయింది. ఎవరి తరఫునా ఆయుధం పట్టబోమన్నారు అకాడియన్లు. బ్రిటిష్ అధికారులకి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. 1755 సెప్టెంబరు 5న గ్రాన్ ప్రే చర్చికి పిలిపించి, 418 మంది మగవాళ్ళని, మగపిల్లలని బంధించి, భూములూ పశువులూ ఇక రాజుగారివన్నారు. ఓడలెక్కించేటప్పుడు కుటుంబాలు విడిపోయాయి. ఇళ్ళు తగలబెట్టారు. 1763 నాటికి పదివేల మందికి పైగా అలా వెళ్ళగొట్టబడ్డారు, వేలమంది రోగాలతో, ఓడ ప్రమాదాలతో పోయారు. చిన్నీ, అందులో నీ వయసు పిల్లలు ఎంతమందో.

అప్పట్లో బ్రిటిష్‌వాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ జరుగుతున్న యుద్ధం మన దాకా కూడా వచ్చింది. 1758లో అక్కడ లూయిస్‌బర్గ్ కోట ఫ్రెంచివాళ్ళ చేయి జారింది. అదే ఏడాది ఇక్కడ పిఠాపురం దగ్గర చందుర్తిలో కూడా వాళ్ళు బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఓడారు.

ఇంకొక్కటి, నన్ను బాగా కదిలించింది. 1759 తుఫానుకి ఆ గట్లు తెగిపోయాయి. ఆ పొలాలు పుచ్చుకోవడానికి న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళకి గట్టు వేయడం రాదు. చివరికి ఖైదులో ఉన్న అకాడియన్లనే పిలిపించి పని చేయించుకున్నారు. తమవి కాకుండా పోయిన పొలాలకి వాళ్ళే మళ్ళీ గట్లు కట్టారు.

ఆ గట్ల వెనక ఇప్పటికీ పంట వేస్తున్నారు. వేసవిలో నాన్నని గ్రాన్ ప్రే తీసుకెళ్ళమనండి. పోటు వేళకి చేరుకుని, గట్టు మీద నిలబడి ఒకవైపు నీళ్ళు, ఒకవైపు పొలం చూసి, ఏది ఎత్తులో ఉందో నాకు చెప్పండి.

మీ తాతయ్య