తెలిసినవాళ్లయితే బండెక్కొచ్చా?

పిల్లలూ,

తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దు, బండెక్కమంటే ఎక్కొద్దు అని బడిలో మేడంగారు చెప్పారట. మా తమ్ముడి కూతురు ఇంటికొచ్చి, "పెదనాన్నా, మరి తెలిసినవాళ్లయితే ఎక్కొచ్చా?" అంది. మంచి ప్రశ్న, ఎందుకంటే పిల్లల్ని పాడుగా ముట్టుకునేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లే. చుట్టాలు, పక్కింటివాళ్లు, ట్యూషన్ మాస్టార్లు, ఎవరైనా కావచ్చు.

నా చిన్నప్పుడు, 1986 ఆగస్టులో గోదారికి పెద్ద వరదొచ్చింది. ఊళ్లో మగాళ్లు వంతులేసుకుని రాత్రంతా ఏటిగట్టు కాపలా కాసేవారు, నేనూ లాంతరు పట్టుకుని తగుదునమ్మా అని మా నాన్న వెనకాలే. అందరూ ఏటివైపు చూస్తుంటే ఆయన మాత్రం ఊరివైపు గట్టు దిగి గడ్డిలో వెతికేవారు. ఎలక బొరియలోంచో, ఎండ్రకాయ బొక్కలోంచో నీరు ఊరుతుంటే దోసిట పట్టి లాంతరు దగ్గర చూసేవారు. తేటగా ఉంటే అక్కడో పుల్ల పాతి కనిపెట్టుకుని ఉండటమే. మట్టి కలిసి వస్తే లోపల గట్టు కోసుకుపోతోందన్నమాట, ఇసక బస్తాలు రావాలి. "నువ్వు కాలు అడ్డం పెట్టకు, ముందు కేకెయ్యి" అనేవారు నాతో.

తెలిసిన మనిషే, కానీ ఒళ్లో కూచోబెట్టుకుని చెయ్యి వెయ్యకూడని చోట వేశాడు, ఫోన్లో ఏదో పాడు బొమ్మ చూపించాడు, "అమ్మకి చెప్పకు" అన్నాడు. అదీ బురద నీరంటే. పుట్టినరోజు కానుక దాచిపెట్టడం తేట నీరు, రెండ్రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. బొరియ పడిందని గట్టుని ఎవరూ తిట్టరు కదా, తప్పు మీది కాదు. అక్కణ్ణుంచి వచ్చేసి చెప్పండి. అమ్మ పనిలో ఉండి వినకపోతే అమ్మమ్మకి, మేడంగారికి, వినేవాళ్లు దొరికేదాకా. ఎవరూ వినకపోతే పిల్లలకి సాయం చేసే నంబరు 1098కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు, అర్ధరాత్రైనా ఎత్తుతారు.

ఇది చదివి వినిపించే పెద్దలకో మాట. పరువంటూ నోరు మూసుకుంటే కుదరదు, పిల్లల్ని ఇలాంటి పాడు పనుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం నేరమే. పిల్లల పేరు బయటపెట్టడమూ నేరమే.

ఇక బండి సంగతి. "మీ నాన్నకి దెబ్బ తగిలింది, రా" అని ఎవరొచ్చినా, తెలిసినవాళ్లైనా సరే, ఇంట్లో ముందే అనుకున్న గుర్తుమాట చెప్పమనండి. చెప్పలేకపోతే బడి లోపలికి పరుగు. మా ఇంటి మాట ఇక్కడ రాయను. మీరూ ఈ రాత్రి అన్నాల దగ్గర ఒకటి అనుకోండి, తినే వస్తువు పేరైతే బాగా గుర్తుంటుంది. పూతరేకులు మాత్రం వద్దు, మన వైపు ఎవడైనా ముందు అదే అంటాడు.

మీ పెదనాన్న