పెళ్ళికొడుకు టైకి ఎన్ని మలుపులు?

“వచ్చే నెల పెళ్ళి. ముహూర్తానికి పంచె, రిసెప్షన్‌కి సూటు. టైకి ఏ ముడి వేసుకోమంటారు?” అని ఒక పాఠకుడు అడిగారు. రంగుల సంగతి బట్టల కొట్టువాళ్ళు చూసుకుంటారు. ముడి సంగతి మాత్రం నాకు వదిలేయండి, దాని వెనక ముచ్చటైన లెక్క ఉంది.

1999లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ లేబొరేటరీకి చెందిన థామస్ ఫింక్, యోంగ్ మావో అనే భౌతిక శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో టై ముళ్ళ మీద వ్యాసం రాశారు. మామూలు టైతో ఎన్ని ముళ్ళు వేయొచ్చు? 85 అని తేల్చారు.

టై మెడలో వేసుకుని వెడల్పు కొసని సన్న కొస మీదుగా దాటించండి. ఛాతీ మీద మూడు వీధుల కూడలి ఏర్పడుతుంది: ఎడమ, కుడి, గొంతు దగ్గర మధ్య. వెడల్పు కొస ఈ కూడలిలో తిరిగే బాటసారి. ఉన్న వీధిలోకే మళ్ళీ పోకూడదు, మిగతా రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. ఒక మలుపు చొక్కా వైపుకైతే తర్వాతిది బయటి వైపుకి. అందులో ఎంపిక లేదు. పైన చెప్పిన ఆ దాటింపే మొదటి మలుపు. అది ఎడమ అనుకుందాం, కుడితో మొదలెడితే వచ్చేది దాని అద్దం బొమ్మే. చివర్లో కొస ముడి ముందు నుంచి అడ్డంగా దాటి, మధ్యకి లేచి, ఆ అడ్డపట్టీ కిందుగా దిగాలి. కాబట్టి ఆఖరి మూడు మలుపులు ఎడమ-కుడి-మధ్య కావాలి, లేదా కుడి-ఎడమ-మధ్య.

ఐదు మలుపుల ముళ్ళు లెక్కపెట్టి చూడండి. రెండో మలుపు కుడి అయితే ఆ తర్వాత ఒకటే దారి: ఎడమ, కుడి, మధ్య. రెండోది మధ్య అయితే రెండు ముగింపులూ కుదురుతాయి. మొత్తం మూడు. ఇలా మూడు మలుపుల నుంచి తొమ్మిది దాకా (అంతకు మించితే టై పొడుగు చాలదు) పోతే 1, 1, 3, 5, 11, 21, 43 వస్తాయి. ముందు సంఖ్యని రెట్టింపు చేసి ఒకసారి ఒకటి తీసేస్తే, మరోసారి ఒకటి కలిపితే తర్వాతి సంఖ్య! అన్నీ కూడితే సరిగ్గా 85. ఇంటర్లో ప్రస్తారాలు, సంయోగాలు చెప్పే మాస్టార్లు డబ్బాలోని రంగు బంతులు వదిలి ఒక్కరోజు టై తెచ్చి చూపిస్తే ఎంత బాగుంటుందో! మన బళ్ళలో పిల్లలు పదేళ్ళు టై పెట్టుకుంటారు గానీ అది ముడి ముందే కుట్టేసిన ఎలాస్టిక్ టై. ఇంటర్వ్యూ నాటికి చాలామందికి ముడి వేయడమే రాదు.

ఇక పెళ్ళికొడుక్కి పనికొచ్చే మాట. మొత్తం మలుపులు ముడి లావుని నిర్ణయిస్తాయి. వాటిలో మధ్య మలుపుల వాటా వెడల్పుని నిర్ణయిస్తుంది. కొస మధ్యలోకి వెళ్ళినప్పుడల్లా కాలర్‌ని ఆనుకున్న పట్టీ మీద ఒక పొర పడి ముడి పై అంచు విచ్చుకుంటుంది. ఎడమ-కుడి మలుపులు ఒకదాని మీద ఒకటి పడి ముడిని సన్నగా, పొడుగ్గా ఉంచుతాయి. బాగా వాడుకలో ఉన్న ముళ్ళు మూడు చూడండి: ఫోర్-ఇన్-హ్యాండ్‌లో 4 మలుపులకి మధ్యవి 1, హాఫ్ విండ్సర్‌లో 6కి 2, విండ్సర్‌లో 8కి 3. ఎడమలకీ కుడులకీ ఉన్న తేడా ముడి ఒరుగుని చెబుతుంది. విండ్సర్‌కి సౌష్ఠవంలో గొప్ప పేరుంది కదా, దాని మలుపులు ఎడమ-మధ్య-కుడి-ఎడమ-మధ్య-కుడి-ఎడమ-మధ్య. ఎడమలు మూడు, కుడులు రెండు. హాఫ్ విండ్సర్‌లో రెండూ రెండే. లెక్క ప్రకారం సమంగా తూగేది హాఫ్ విండ్సరే.

ముడి ఎంత లావైతే అంత హోదా అనే నమ్మకం ఒకటి ఉంది. దాన్ని వదిలేయాలి. విండ్సర్ అనే పేరుకి మూలమైన విండ్సర్ డ్యూక్ (గద్దె వదులుకున్న బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్) వేసుకున్నది ఫోర్-ఇన్-హ్యాండే. టై లోపలి పొరని మందంగా కుట్టించుకునేవారు, అందుకే ముడి లావుగా కనిపించేది. మలుపులు చేసే పనిని గుడ్డ మందం కూడా చేస్తుందన్నమాట.

కాబట్టి ముందు గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూడండి. జరీ నేతతో దళసరిగా ఉంటే నాలుగు మలుపులు చాలు. ఎనిమిది వేస్తే గడ్డం కింద పెద్ద ముద్ద తయారవుతుంది. పల్చటి సిల్కు అయితే, కాలర్ కొసలు బాగా ఎడంగా ఉంటే, హాఫ్ విండ్సర్ ఆ ఖాళీని నిండుగా నింపుతుంది. కాలర్ కొసలు దగ్గరగా ఉన్నా, మెడ పొట్టిగా ఉన్నా మళ్ళీ ఫోర్-ఇన్-హ్యాండే. చర్చిలో పెళ్ళి చేసుకునే తెలుగు వరుళ్ళు సూటు లోపల వెయిస్ట్‌కోటు వేస్తే టై కొస దాని కింద దాగిపోతుంది, పొడుగు బెంగ తగ్గుతుంది. వెయిస్ట్‌కోటు లేకపోతే కొస బెల్టు దాకా అందాలి. పొడుగాటి మనిషి మామూలు టైకి ఎనిమిది మలుపులు వేస్తే అది నాభి దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే పెళ్ళినాటి చొక్కా, పెళ్ళినాటి టైతోనే ముందుగా ఒకసారి కట్టి చూసుకోండి.