ఓపియాయిడ్ విత్‌డ్రాయల్: అపోహలు, వాస్తవాలు

హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్, కోడీన్, నొప్పికి డాక్టర్లు రాసే ట్రమడాల్, టాపెంటడాల్... ఇవన్నీ ఓపియాయిడ్ కుటుంబానికి చెందినవే. వీటికి అలవాటుపడ్డవాళ్ళకు వైద్యం చేయడం నా పని. ఈ పనిలో ప్రిస్క్రిప్షన్ రాయడానికి పట్టే సమయం తక్కువ, విత్‌డ్రాయల్ చుట్టూ, అంటే అలవాటైన మందు ఆపినప్పుడో తగ్గించినప్పుడో వచ్చే బాధల చుట్టూ, పేరుకున్న నమ్మకాలను సరిచేయడానికి పట్టేదే ఎక్కువ. ఆ నమ్మకాలలో కొన్ని చికిత్సను ఆలస్యం చేస్తాయి, అంతే. కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. ఆ రెండో రకం గురించి ఇక్కడ కాస్త ఎక్కువ రాశాను.

అపోహ: విత్‌డ్రాయల్ అంతా మనసులోనే ఉంటుంది, గట్టిగా అనుకుంటే ఏమీ కాదు

కంటిపాపను కావాలని పెద్దది చేసుకోగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునేలా చేసుకోగలరా? విత్‌డ్రాయల్‌లో మేం చూసేవి ఇలాంటివే. ఆగని ఆవలింతలు, కళ్ళూ ముక్కూ కారడం, చెమటలు, గుండెదడ, కీళ్ళూ కండరాలూ లాగేయడం, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు, కాళ్ళు ఒకచోట నిలవనీయని అలజడి, కంటిమీదికి రాని నిద్ర. వీటి తీవ్రతను కొలవడానికి 11 అంశాల స్కేల్ ఉంది. 0 నుంచి 48 దాకా స్కోరు వేస్తాం. పేషెంట్ చెప్పింది వింటాం, నాడి చూస్తాం, కంటిపాప కూడా చూస్తాం.

ఇదెందుకు జరుగుతుందంటే, మెదడు అడుగుభాగంలో లోకస్ సెరులియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. మనిషిని మెలకువగా, అప్రమత్తంగా ఉంచే నార్‌అడ్రినలిన్‌ను మెదడుకు పంచేది ప్రధానంగా ఇదే. ఓపియాయిడ్ దీని పనిని అణచిపెడుతుంది. నెలల తరబడి రోజూ అణచివేత ఉంటే, ఆ కణాలు దాన్ని తట్టుకుని పనిచేసేలా లోపల తమ జోరు పెంచుకుంటాయి. మందు ఒక్కసారిగా ఆగితే అణచివేత పోతుంది కానీ పెరిగిన జోరు అలాగే ఉంటుంది. చెమటలూ దడా వణుకూ ఎక్కువగా దాని పుణ్యమే. పేగుల విషయంలోనూ అంతే. ఇన్నాళ్ళూ మలబద్ధకంతో ఉన్న పేగులు ఇప్పుడు ఆగమన్నా ఆగవు.

బీపీకి వాడే క్లోనిడిన్ ఈ లక్షణాలను తగ్గిస్తుందని 1978లోనే పరిశోధకులు చూపించారు. దానికి దగ్గరి బంధువైన లోఫెక్సిడిన్‌ను 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇదే పని కోసం ఆమోదించింది. ఒక బీపీ మందుకు లొంగే బాధను పట్టుకుని "మనసు గట్టి చేసుకో" అనడంలో అర్థం లేదు.

అపోహ: మూడు రోజులు ఓర్చుకుంటే అయిపోతుంది

ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుంది. హెరాయిన్ లాంటి తక్కువసేపు పనిచేసేవి ఆపితే 8 నుంచి 24 గంటల్లో లక్షణాలు మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, 4 నుంచి 10 రోజుల్లో తగ్గుతాయి. మెథడోన్ లాంటి దీర్ఘకాలం పనిచేసేవైతే మొదలవడానికే ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, తగ్గడానికి 10 నుంచి 20 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒంటి బాధ తగ్గాక కూడా నిద్రలేమి, నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మందు మీదికి మనసు లాగడం వారాలు, నెలలు సాగుతాయి. మూడోరోజు దాటగానే "ఇక నేను బాగైపోయాను" అనుకున్నవాళ్ళు పదో రోజు రాత్రి నిద్రపట్టక తల్లడిల్లుతూ పాత నంబరుకి ఫోన్ చేయడం మా వృత్తిలో కొత్తేమీ కాదు.

ట్రమడాల్ సంగతి ఇంకా వేరు. అది ఓపియాయిడ్ పనితో పాటు డిప్రెషన్ మందుల్లాగా సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ మీదా పనిచేస్తుంది. అందుకే కొందరికి అది ఆపినప్పుడు మామూలు లక్షణాలకు తోడు విపరీతమైన భయం, అయోమయం, లేనివి కనిపించడం, ఒంట్లో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం కూడా ఉంటాయి. దాన్ని పిచ్చి అనుకుని ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. ఏ మందు ఆపారో చెబితే డాక్టర్ గుర్తుపట్టగలరు.

అపోహ: నరకంలా ఉంటుంది కానీ దానితో ఎవరూ చనిపోరు

సగం నిజం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, వేరే ఏ మత్తూ కలవకుండా, నీళ్ళు తాగగలిగే స్థితిలో ఉంటే, ఈ విత్‌డ్రాయల్ ఒక్కటే ప్రాణం తీయడం అరుదు. కానీ ఆగని వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరూ లవణాలూ పోయి, పట్టించుకునేవాళ్ళు లేక చనిపోయినవాళ్ళున్నారు. జైళ్ళలో అలాంటి మరణాలు నమోదయ్యాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఆ దడ, ఆ బీపీ మామూలు విషయం కాదు.

అసలు ప్రమాదం మరొకటుంది. ఓపియాయిడ్‌తో పాటు మద్యమో, అల్ప్రజోలమ్, డయాజిపామ్ లాంటి నిద్ర మాత్రలో రోజూ వాడేవాళ్ళు అన్నీ ఒకేసారి ఆపేస్తారు. "మానేస్తే అన్నీ మానేయాలి" అన్న పట్టుదల. మద్యం, నిద్ర మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం పోవచ్చు. కాబట్టి వాడుతున్నవన్నీ డాక్టర్‌కు చెప్పండి. దేన్ని ముందు తగ్గించాలి, దేన్ని తర్వాత అన్నది ఆయన చూసుకుంటారు.

అపోహ: గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో దారికొస్తాడు

ఈ పోస్టు రాయడానికి ముఖ్య కారణం ఇదే. వారం గడిచి లక్షణాలు తగ్గాక ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే.

రోజూ వాడే మనిషి ఒంటికి ఆ డోసును తట్టుకునే శక్తి వస్తుంది. కొన్ని రోజులు ఆపితే ఆ శక్తి తగ్గిపోతుంది, కోరిక మాత్రం తగ్గదు. తలుపు తెరిచాక, ఎప్పుడో ఒక బలహీన క్షణంలో, పాత డోసే మళ్ళీ తీసుకుంటారు. నిన్నటిదాకా మామూలుగా అనిపించిన ఆ డోసు ఇవాళ ఊపిరి ఆపేస్తుంది. జైలు నుంచి విడుదలైన వెంటనే, డీటాక్స్ (ఒంట్లోంచి మందును వదిలించే కొద్ది రోజుల చికిత్స) ముగించి ఇంటికొచ్చిన వెంటనే ఓవర్‌డోస్ మరణాలు పెరగడానికి కారణం ఇదే.

స్వీడన్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధన 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 40 మంది హెరాయిన్ బాధితులను రెండు గుంపులు చేశారు. కౌన్సెలింగ్ అందరికీ ఇచ్చారు. ఒక గుంపుకు ఏడాదిపాటు రోజూ 16 మిల్లీగ్రాముల బ్యుప్రెనార్ఫిన్ (విత్‌డ్రాయల్‌నూ కోరికనూ అదుపులో ఉంచే మందు, దీని సంగతి కింద చెబుతాను). రెండో గుంపుకు అదే మందు ఆరు రోజుల్లో తగ్గించి ఆపేసి, ఆ తర్వాత మందులేని ఉత్తుత్తి మాత్ర. ఏడాది తర్వాత మొదటి గుంపులో 75 శాతం మంది చికిత్సలో కొనసాగుతున్నారు. రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళలో నలుగురు చనిపోయారు కూడా. కొన్ని రోజుల డీటాక్స్‌తో సరిపెట్టాలనే వాళ్ళకు నేను చెప్పేది ఈ పరిశోధన గురించే.

అందుకే ఓపియాయిడ్ వాడే మనిషి ఉన్న ఇంట్లో నలాక్సోన్ (ఓపియాయిడ్ పనిని అడ్డుకుని ఊపిరి తిరిగి ఆడేలా చేసే మందు) ఉండాలి. ఎంత పిలిచినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, గురక లాంటి గరగర శబ్దం, పెదాలు నీలంగా మారడం ఓవర్‌డోస్ గుర్తులు. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి, నలాక్సోన్ స్ప్రే ముక్కులో కొట్టండి, ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి అందించండి, ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మనిషి లేచి కూర్చున్నాడు కదా అని అంబులెన్స్‌ను వెనక్కి పంపకండి. నలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. ఒంట్లో ఉన్న ఓపియాయిడ్ అంతకంటే ఎక్కువసేపు ఉండవచ్చు.

అపోహ: బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ అంటే ఒక మత్తు పోయి ఇంకో మత్తు

ఎక్కువగా వినేది ఈ మాటే. చదువుకున్నవాళ్ళూ అంటారు, బాధ ఏమిటంటే కొందరు వైద్యులూ అంటారు.

మెదడులో ఓపియాయిడ్ కూర్చునే కుర్చీలున్నాయనుకోండి. బ్యుప్రెనార్ఫిన్ వాటిలో గట్టిగా బైఠాయిస్తుంది, అక్కడ కూర్చున్న వేరే ఓపియాయిడ్‌ను లేపేస్తుంది, కానీ పని మాత్రం సగమే చేస్తుంది. ఆ సగం పనితో విత్‌డ్రాయల్ ఆగుతుంది, కోరిక తగ్గుతుంది. డోసు పెంచినా ఒక హద్దు దాటాక ఊపిరిని అణచే గుణం అంతగా పెరగదు కాబట్టి ఓవర్‌డోస్ భయం తక్కువ. మద్యం, నిద్ర మాత్రలు కలిస్తే మాత్రం ఆ భద్రత చెప్పలేం. సరైన డోసు మీద ఉన్న మనిషి ఉద్యోగానికి వెళ్తాడు, పిల్లల్ని చూసుకుంటాడు, ప్రతి ఆరు గంటలకూ డబ్బు కోసమో సరుకు కోసమో పరుగెత్తడు. మెథడోన్ కూడా 1960లలో న్యూయార్క్‌లో మొదలై ఇప్పటికీ నిలబడిన వైద్యమే. 2005 నుంచి ఈ రెండు మందులూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. ఎన్నాళ్ళు వాడాలన్నదానికి గడువేమీ లేదు. కొందరికి ఏడాది, కొందరికి చాలా ఏళ్ళు. ఆపాలనుకున్నప్పుడు నెమ్మదిగా తగ్గిస్తాం.

అయితే స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చుకుని సొంతంగా వేసుకునే మందు కాదిది. ఒంట్లో హెరాయిన్ ఇంకా పనిచేస్తుండగా బ్యుప్రెనార్ఫిన్ వేసుకుంటే, అది హెరాయిన్‌ను ఒక్క ఉదుటున కుర్చీల్లోంచి లేపేస్తుంది. మెల్లగా రావలసిన విత్‌డ్రాయల్ గంటలోపే పూర్తి బలంతో వచ్చి పడుతుంది. ఆ అనుభవం ఒకసారి అయినవాళ్ళు మళ్ళీ ఆ మాత్ర ముఖం చూడరు, అదీ నష్టం. హెరాయిన్ లాంటివైతే ఆఖరి డోసు తర్వాత కనీసం 12 గంటలు, మెథడోన్ అయితే ఒకటి నుంచి మూడు రోజులు ఆగి, విత్‌డ్రాయల్ లక్షణాలు కళ్ళకు కనిపించాకే మొదటి డోసు ఇస్తాం. ఫెంటనిల్ రోజూ వాడినవాళ్ళలో అది కొవ్వులో పేరుకుని నెమ్మదిగా బయటికి వస్తుంది, కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. కొన్నిసార్లు చాలా చిన్న డోసులతో మొదలుపెడతాం. నాల్ట్రెక్సోన్ అనే మరో మందు పూర్తిగా అడ్డుకునే రకం. ఓపియాయిడ్ లేకుండా కనీసం 7 నుంచి 10 రోజులు గడిచాకే దాన్ని ఇవ్వాలి.

అపోహ: డాక్టర్ రాసిన మాత్రే కదా, అలవాటు కాదు

అవుతుంది. ఎవరు రాశారన్నది మెదడుకు తెలియదు. దీనికి తిరగబడ్డ అపోహ ఇంకోటి ఉంది: "మాత్ర ఆపితే ఒళ్ళు నొప్పులు, చెమటలు వచ్చాయి, అంటే నేను వ్యసనపరుణ్ణి." అదీ తప్పే. కొన్ని వారాలు క్రమంగా వాడిన ఎవరికైనా ఒళ్ళు అలవాటు పడుతుంది, అది శరీర ధర్మం. వ్యసనం అంటే నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం, దానికోసం మిగతావన్నీ పక్కన పెట్టేయడం. మొదటి రకంవాళ్ళకు సాధారణంగా డోసు నెమ్మదిగా తగ్గిస్తే చాలు. ఏడాదికి పైగా వాడినవాళ్ళకు నెలకు 10 శాతం చొప్పున తగ్గించడం చాలామంది తట్టుకోగలిగే వేగం. ఒక్కరోజులో ఆపేయమని ఎవరైనా చెబితే, ఎందుకని అడిగే హక్కు మీకుంది.

అపోహ: విరేచనాలు ఆపే మాత్ర ఎక్కువ వేసుకుంటే విత్‌డ్రాయల్ తగ్గుతుంది

ఆ మాత్ర పేరు లోపరమైడ్, అది కూడా ఓపియాయిడే. మామూలు డోసులో మెదడులోకి పెద్దగా వెళ్ళదు, పేగుల్లోనే పనిచేస్తుంది. అట్ట మీద రాసినంత వేసుకుంటే విరేచనాలకు మంచి మందు. పిడికెడు మింగితే గుండె లయ తప్పుతుంది. దీనివల్ల మరణాలు జరిగాకే 2016లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. క్లోనిడిన్ కూడా సొంతంగా వద్దు, బీపీ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోతారు. ఇంట్లో మీరు ధైర్యంగా చేయగలిగినవి: కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్, వేడినీళ్ళ స్నానం, తేలికపాటి భోజనం, నొప్పికి డాక్టర్ చెప్పిన పారాసెటమాల్. వాంతులతో నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆసుపత్రికి వెళ్ళిపోండి.

అపోహ: ఆపరేషన్‌లో లాగా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఒక్కరోజులో వదిలించే వైద్యం ఉంది

ఉంది, ప్రకటనలూ ఉన్నాయి. వద్దు. మరణాలు నమోదయ్యాయి, ఫలితం మామూలు పద్ధతి కంటే మెరుగ్గా ఏమీ లేదు.

అపోహ: గర్భం అని తెలిసిన మరుక్షణం ఆపేయాలి

ప్రేమతో చెప్పే సలహాయే, కానీ ప్రమాదం. హఠాత్తుగా ఆపితే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పు ఉంది, మళ్ళీ వాడే అవకాశమూ ఎక్కువ. గర్భిణులకు సిఫారసు చేసేది మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ చికిత్సే. పుట్టిన బిడ్డకు విత్‌డ్రాయల్ రావచ్చు, దానికి వైద్యం ఉంది. కాన్పు ఎక్కడ జరుగుతుందో అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పి ఉంచాలి. చికిత్స మీద నిలకడగా ఉన్న తల్లి సాధారణంగా పాలు కూడా ఇవ్వవచ్చు.

అపోహ: నిజం చెబితే డాక్టర్ తిడతాడు, తక్కువ చేసి చెప్పడమే మంచిది

తిట్టే డాక్టర్లు ఉన్నారు, కాదనను. అలాంటివాళ్ళు ఎదురైతే ఇంకొకర్ని చూసుకోండి. కానీ డోసు తగ్గించి చెబితే నష్టం మీకే. తక్కువ మందుతో మొదలుపెడతాం, విత్‌డ్రాయల్ ఆగదు, "ఈ వైద్యం పనిచేయదు" అనుకుని మీరు వెళ్ళిపోతారు. మధ్యలో మళ్ళీ వాడినా దాచకండి. చికిత్సలో ఉన్నవాళ్ళు ఒకసారి జారడం తరచూ జరిగేదే. అప్పుడు మేం డోసు చూస్తాం, నిద్ర, నొప్పి, డిప్రెషన్ ఎలా ఉన్నాయో చూస్తాం. చికిత్సలోంచి వెళ్ళగొట్టం. అలా వెళ్ళగొట్టే చోటు మంచి చోటు కాదని నా అభిప్రాయం.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఇవి ఒక కాగితం మీద రాసుకెళ్ళండి: ఏ మందు, రోజుకు ఎంత, మింగుతారా పీలుస్తారా ఇంజెక్షనా, ఆఖరి డోసు ఏ టైముకి, మద్యం, నిద్ర మాత్రలు ఏమైనా ఉన్నాయా, కాలేయం, గుండె, ఫిట్స్ సమస్యలు, గర్భం, ఇంతకుముందు మానేయడానికి ప్రయత్నించినప్పుడు ఏం జరిగింది. ఇంజెక్షన్ వాడినవాళ్ళు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అడిగి చేయించుకోండి. అక్కడ మీరు అడగాల్సినవీ రెండున్నాయి. డీటాక్స్ తర్వాత ఏ మందు ఇస్తారు, ఎన్నాళ్ళు? ఇంటికి నలాక్సోన్ ఇస్తారా? మొదటి ప్రశ్నకు "ఏమీ అక్కర్లేదు, పది రోజుల్లో క్లీన్ చేసి పంపిస్తాం" అని జవాబొస్తే, అక్కడ చేరకముందు ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.